నీరడి పోయినంక

సూర్యాపేట జిల్లా గరిడేపల్లి చుట్టుపక్కల చాలా గ్రామాల్లో రెండు ఊళ్లు కనిపిస్తాయి. బొడ్రాయి చుట్టూ వంకర సందులతో అల్లుకున్న పాత ఊరు ఒకటి. ఊరి చివర, తాడు పట్టి గీసినట్టు వరుసలు తీరిన కాలనీ రెండోది. ఎస్సీ కాలనీ, బీసీ కాలనీ, ఇందిరమ్మ కాలనీ అంటూ కట్టిన కాలాన్ని బట్టి, ఇచ్చిన వాళ్లను బట్టి దాని పేరు మారుతుంది. పొద్దున ఆరింటికి ఆ కాలనీలో నడిచి చూడాలి. ప్రతి వాకిలీ ఊడ్చి, సాంపి చల్లి, ముగ్గేసి ఉంటుంది. ముగ్గు అంచు దాటి రెండడుగులు వేస్తే మోరీ. అందులో నీళ్లు కదలవు. ఆ మోరీ వెంటే చివరిదాకా పోతే కారణం తెలుస్తుంది. సిమెంటు కాలువ ఆఖరి ఇంటి వెనక్కి వచ్చి ఆగిపోయింది. అటుపైన వరి మడి. నీళ్లు ఎక్కడికి పోవాలో ఎవరూ అనుకోలేదు.

కాలనీ మధ్యలో నీళ్ల ట్యాంకు ఉంటుంది. నల్లా దిమ్మె పాచి పట్టి, అంచులు పగిలి, బిందె పెట్టిన చోట మాత్రం నున్నగా అరిగి ఉంటుంది. మోటరు కాలిపోతే ఇంటికింత అని వసూలు చేసి మెకానిక్‌ను పిలిపిస్తారు. స్తంభం మీద బల్బు పోతే పోయినట్టే. ఇది చూసి పట్నం నుంచి వచ్చినవాళ్లు ఒక మాట తేలిగ్గా అనేస్తారు: జనానికి పట్టింపు లేదు, ఎవరి గడప వాళ్లదే అని. ఆ మాట తప్పు. ఈ ప్రాంతపు గడిచిన వందేళ్ల చరిత్ర తెలిసినవాళ్లు అలా అనలేరు.

ఈ నేలలో ఉమ్మడి ఆస్తి అంటే మొదట చెరువే. గరిడేపల్లి మండలంలోనే కల్మలచెరువు అనే ఊరుంది. చెరువు ఊరి పేరులోకే ఎక్కింది. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో 12, 13 శతాబ్దాల్లో గుళ్లు కట్టించిన రేచర్ల రెడ్లు కాకతీయుల సామంతులు. గుడి, ఊరు, చెరువు ఈ మూడింటినీ ఒక్క పుణ్యంగానే లెక్కించిన కాలమది. తెలుగు శాసనాల్లో దశబంధం అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. చెరువు తవ్వించినవాడికో, దాన్ని చూసుకునేవాడికో నేలలో, పంటలో భాగం రాసివ్వడమే దశబంధం. కట్ట పోయడం ఒకనాటి పని, దాన్ని కాపాడడం ఏటేటా పని అని, ఆ రెండో పనికి కూలి ముందే కట్టిపెట్టాలని ఎనిమిది వందల ఏళ్ల కిందటే వీళ్లకు తెలుసు.

నిజాం కాలం నాటికి ఆ పని చేసే మనిషి పేరు నీరడి. కొన్ని ఊళ్లలో నీరటి అన్నారు. పటేలు, పట్వారీల కింద మస్కూరి, సేత్‌సింధీలతో పాటు ఊరి సేవకుల్లో అతడూ ఒకడు. మస్కూరి కబురు మోస్తాడు, చాటింపు వేస్తాడు. నీరడిది చెరువు. వాన పట్టిన రాత్రి ఊరంతా పడుకుంటే అతడు గొంగడి కప్పుకుని కట్ట మీద తిరగాలి. ఎక్కడ బుంగ పడిందో, ఏ మూల మట్టి జారుతోందో చీకట్లో కాలితో తడిమి తెలుసుకోవాలి. పొద్దున తూము తియ్యాలి, ఎవరి మడికి ఎంతసేపో వంతు చూసి కట్టాలి. పై మడి దొరదైనా సరే, కింది మడి బక్క రైతుదైనా సరే, నీళ్లు ఎటు పారుతున్నాయో తెలిసినవాడు అతడొక్కడే. పంట కోసినప్పుడు కళ్లం దగ్గర ప్రతి రైతూ అతడికి మేర కొలిచేవాడు. చెరువు నిండితే అతడి గాదె నిండేది. ఎండితే అతడూ పస్తే. పనికీ ఫలానికీ మధ్య ముడి అంత గట్టిగా ఉండేది.

ఆ ముడిని తలుచుకుని పాతకాలమే బాగుండేదని అనుకోవడం మాత్రం పెద్ద అన్యాయం. నీరడి పని ఎక్కువగా దళిత కుటుంబాలకే వంశపారంపర్యంగా అంటగట్టారు. ఊరందరి నీళ్లను రాత్రీ పగలూ కాసినవాడికి ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. ఊరి చావడి ఊడ్చినవాళ్లకు ఆ చావడి అరుగు మీద కూర్చునే హక్కు లేదు. ఊరుమ్మడి జాగ శుభ్రంగా ఉండేదంటే, దాన్ని శుభ్రం చేసే కులాలు కాదనలేని స్థితిలో ఉండబట్టే. దాని పేరు వెట్టి.

పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్ర రాసినప్పుడు, ఏ కులం ఏ వెట్టి చెయ్యాల్సి వచ్చిందో వివరంగా చెప్పారు. ఎర్రపాడు దొర జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలుండేవని రాశారు. అంత భూమి ఉన్నచోట దొర గడి ముంగిలి, పశువుల కొట్టం, అధికారులు దిగే చావడి, వాళ్లు నడిచే బాట అన్నీ ఎవరో ఒకరు ఉచితంగా చక్కబెట్టాల్సిందే. ఆంధ్రమహాసభ వెట్టికి ఎదురు తిరిగింది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక జనగామ, సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు భగ్గుమన్నాయి. మల్లు స్వరాజ్యం, భీమిరెడ్డి నరసింహారెడ్డి పుట్టిన నేల ఇది. వెట్టి చెయ్యబోమని ఊళ్లకు ఊళ్లు తిరగబడ్డాయి. చేతిలో చీపురు పారేసి నిలబడ్డ మనిషి ఆనాడు గెలిచింది మామూలు గెలుపు కాదు.

అయితే ఆ చీపురు మళ్లీ ఎవరు పట్టాలి, ఏం కూలికి పట్టాలి అన్న ప్రశ్న మిగిలిపోయింది. స్వతంత్ర ప్రభుత్వం తీర్చాల్సిన లెక్క అది. డెబ్బై ఏళ్లు గడిచినా పూర్తిగా తీరలేదు.

ఈలోగా కృష్ణ మీద ఆనకట్ట లేచింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు పెట్టారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల కింద జొన్న, ఆముదం పండిన చెలకలు వరి మళ్లయ్యాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల గొట్టాలు వరుసగా లేచాయి. గరిడేపల్లి రైతు మొగం చెరువు నుంచి కాలువ వైపు తిరిగింది. నీరడి స్థానంలో ప్రాజెక్టు శాఖ లస్కరు వచ్చాడు. సైకిలు మీద కాలువ కట్ట వెంట తిరుగుతూ, షట్టర్లు ఎత్తి దించుతూ, గండి జాడ కనిపిస్తే సెక్షన్ ఆఫీసుకు కబురు పెట్టేవాడు. ఇతడికి మేర లేదు, నెల జీతం ఉంది. కులం అడిగి పెట్టిన కొలువు కాదు. ఈ ఒక్క మార్పు ఎంత గొప్పదో చెప్పుకోవాలి.

కాలువతో పాటు ఈ ప్రాంతానికి కొత్త రకం నివాసాలూ వచ్చాయి. సాగర్ దగ్గర హిల్ కాలనీ, పైలాన్ కాలనీ వెలిశాయి. ఆయకట్టు పట్టణాల్లో నాగార్జునసాగర్ ప్రాజెక్టు (ఎన్నెస్పీ) క్యాంపులు లేచాయి. ఈ పల్లె జనం చూసిన మొదటి ప్రభుత్వ కాలనీలు అవే. ఒకే కొలతల క్వార్టర్లు, తిన్నటి రోడ్లు, కరెంటు స్తంభాలు, చెట్లకు నీళ్లు పోసే మనిషి, పంపు తిప్పే మనిషి, ఊడ్చే మనిషి. సాగర్ కాలనీల్లో రోడ్డు, నల్లా, దీపం అన్నీ ప్రాజెక్టు శాఖే చూసేది. 2018లో నందికొండ మున్సిపాలిటీ ఏర్పడ్డాకే ఆ కాలనీలకు తమదంటూ ఒక స్థానిక సంస్థ దక్కింది. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు మనుమలను ఎత్తుకున్నాక మొదటిసారి తమ వార్డు సభ్యుణ్ని ఎన్నుకున్నారు.

క్యాంపులు ఎందుకు పాడుబడ్డాయో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కట్టడం అయిపోయింది. ఇంజనీర్లు బదిలీ అయ్యారు. లస్కర్లు, మాలీలు రిటైరయ్యారు. వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకోలేదు. పెచ్చులూడిన స్లాబుల కింద కొన్నాళ్లు ఎవరెవరో ఉన్నారు, తర్వాత తుమ్మచెట్లు లేచాయి. మిర్యాలగూడలో ఎన్నెస్పీ క్యాంపు మైదానం అంటే ఇప్పుడు బహిరంగ సభలు జరిగే చోటు. కాలువ సంగతీ ఇంతే. 2022 సెప్టెంబర్‌లో నిడమనూరు మండలంలో ఎడమ కాలువకు గండి పడి నీళ్లు ఊళ్ల మీదకొచ్చాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో కుండపోత వానలకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర అదే కాలువ మళ్లీ తెగింది. కాలువ కట్ట వెంట నడిచే మనిషి లేకపోతే ఏమవుతుందో ఆయకట్టు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పల్లెల్లో కాలనీలు పెరిగింది ఆ క్యాంపులు పాడుబడిన కాలంలోనే. బలహీన వర్గాల కోసం ఇళ్లు కట్టేందుకు 1979లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. ఎన్టీ రామారావు హయాంలో పక్కా ఇళ్ల జోరు పెరిగింది. 2006 ఏప్రిల్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇందిరమ్మ పథకం తెచ్చింది. పూరి గుడిసెలో తడిసిన కుటుంబానికి స్లాబు పడిన ఇల్లు ఏమిటో అనుభవించినవాళ్లకే తెలుసు. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడకూడదు.

కానీ బిల్లు ఎలా వచ్చేదో చూడండి. బేస్‌మెంట్ లేచాక ఒక బిల్లు, లెంటల్ లెవల్‌కు ఒకటి, స్లాబు పడ్డాక మరొకటి. ప్రతి దశలోనూ ఒక అధికారి వచ్చి, కొలిచి, ఫొటో తీసి, సంతకం పెట్టాడు. ఇంటికి దశలున్నాయి, వీధికి లేవు. మోరీ వేరే గ్రాంటు, ట్యాంకు వేరే శాఖ, స్తంభం కరెంటోళ్లది. కాలనీ కట్టించిన శాఖకు తాళంచెవి ఇచ్చిన రోజుతో పని అయిపోయింది. పంచాయతీకి అక్కడి నుంచి పని మొదలైంది, పైసలు మాత్రం రాలేదు. పైగా కాలనీలకు తరచుగా దొరికింది చవక భూమి. పల్లపు నేలో, చెరువు శిఖం పక్క జాగో. కాలువ పారే నెలల్లో అలాంటి చోట ఊట ఊరుతుంది. మోరీ తవ్వినా నీళ్లు బయటికి పోవు, లోపలికి వస్తాయి. ఇళ్లవాళ్ల బద్ధకానికీ దీనికీ సంబంధమే లేదు.

యాసంగి కోతలప్పుడు ఈ కాలనీలను చూస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. సీసీ రోడ్ల మీద, ఊరి బయట తారు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రి టార్పాలిన్ కప్పి, పక్కనే నులక మంచం వేసుకుని కాపలా పడుకుంటారు. బండ్లకు అడ్డం, ప్రమాదం, నిజమే. ఒకప్పుడు ఊరికి కళ్లాలుండేవి. అవి ఇళ్ల జాగలయ్యాయి, ప్లాట్లయ్యాయి. ఉమ్మడి నేల ఒక్కొక్కటీ పోతుంటే మిగిలిన ఒకే ఒక్క ఉమ్మడి నేల రోడ్డు. అందుకే దాని మీద అన్ని బరువులూ పడ్డాయి: వడ్లు, పెళ్లి పందిరి, బతుకమ్మ ఆట, చావు టెంటు.

జనాన్ని కలుపుకుపోయే ప్రయత్నాలు జరగలేదని కాదు. 1997 జనవరి 1న చంద్రబాబు నాయుడు ప్రభుత్వం జన్మభూమి మొదలుపెట్టింది. శ్రమదానం అన్న మాట ఊరూరా వినిపించింది. అధికారులు గంప ఎత్తితే జనమూ ఎత్తారు; మోరీల పూడిక తీశారు. అదే ఏడాది సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రమంతటా 10,292 సంఘాలకు ఎన్నికలు జరిగాయి. కాలువ మరమ్మతు రైతు చేతికే ఇవ్వడం ఈ దేశంలో పెద్ద ప్రయోగం. మొదటి ఏళ్లలో పనులు కనిపించాయి కూడా. తర్వాత ఎన్నికలు వాయిదాలు పడ్డాయి, నిధులు సన్నగిల్లాయి, సంఘాలు కాగితం మీద మిగిలాయి. శ్రమదానంలో ఒక చిక్కుంది. పండగకు ఒకసారి చేస్తే అది ఉత్సాహం. వారం వారం చెయ్యమంటే కూలి పోగొట్టుకుని చెయ్యాలి. ఆ భారం మళ్లీ రెక్కాడితే గాని డొక్కాడనివాళ్ల మీదే పడుతుంది. వెట్టిని వదిలించుకున్న ఇంటి మనిషిని ఊరి కోసం ఉచితంగా మోరీ తియ్యమంటే అతడికి ఏం గుర్తొస్తుందో, అడిగేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించాలి.

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. అందులో పదకొండో షెడ్యూలు పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలను చెబుతుంది. వ్యవసాయంతో మొదలై గ్రామీణ గృహవసతి, తాగునీరు, రోడ్లు దాటుకుంటూ పోతుంది. ఊరుమ్మడి ఆస్తుల నిర్వహణ అందులో 29వది, అంటే అన్నిటికన్నా చివరిది. అమలులోనూ దాని వంతు అలాగే ఆఖరున వచ్చింది.

ఈ బెడద తెలుగు పల్లెలకే పరిమితం కాదు. స్కాట్లాండులోని గ్లాస్గోలో పాత అంతస్తుల ఇళ్లకు ఉమ్మడి మెట్లుండేవి. వాటిని కడిగే వంతు ఎవరిదో వాళ్ల తలుపు గుబ్బకు ఒక అట్టముక్క తగిలించేవారు. కడిగాక ఆ అట్ట పక్కింటి తలుపుకు మారేది. మన నీళ్ల వంతు లాంటిదే. సింగపూర్ 1988లో చట్టం చేసి పట్టణ మండళ్లు పెట్టింది. ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో ఉన్న ప్రతి కుటుంబం నెలనెలా నిర్వహణ రుసుము కడుతుంది, దానితో మెట్లు, లిఫ్టులు, తోటలు నడుస్తాయి. హైదరాబాద్ దగ్గర కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించినప్పుడు దుకాణాలూ కట్టారు. దుకాణాల అద్దెతో లిఫ్టులు, పంపులు నడవాలన్నది ఆలోచన. అన్నం వండుకునే గ్యాసుకు తడుముకునే ఇంట్లో లిఫ్టు కరెంటుకు నెలనెలా చందా వసూలు చెయ్యడం ఎంత కష్టమో అక్కడి బ్లాకు కమిటీలను అడిగితే చెబుతాయి.

పల్లెలకు వస్తే, 2019 సెప్టెంబర్ 6న మొదలైన పల్లె ప్రగతిని ఈ చరిత్రలో పెద్ద మలుపుగానే చూడాలి. తెలంగాణలో 12,700కు పైగా ఉన్న పంచాయతీల్లో ఊరికో ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు వచ్చాయి. పల్లె ప్రకృతి వనం, వైకుంఠధామం, డంపింగ్ యార్డు వచ్చాయి. ఎన్నో దశాబ్దాల తర్వాత మొదటిసారి కాలనీ చివరి ఇంటి ముందు చెత్త బండి ఆగింది. ట్రాక్టరు చప్పుడు వినగానే డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చారు. ఏళ్ల తరబడి వాళ్లకు లేనిది బుద్ధి కాదు, ఆ చప్పుడే.

కానీ ట్రాక్టరు నడిపే మనిషి కథ పాత కథకే చేరింది. 2019లో వచ్చిన జీవో 51తో పంచాయతీ సిబ్బంది అంతా మల్టీపర్పస్ వర్కర్లయ్యారు. ఊడ్చేవాడే ట్రాక్టరు తోలాలి, మోటరు వెయ్యాలి, అవసరమైతే స్తంభం ఎక్కాలి. నెలకు 8,500 రూపాయలు, తర్వాత 9,500. స్తంభం ఎక్కడం రానివాణ్ని స్తంభం ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం. ఆ విధానం రద్దు చెయ్యాలని, ఉద్యోగం పర్మినెంట్ చెయ్యాలని 2023 జూలైలో రాష్ట్రమంతటా పంచాయతీ కార్మికులు సమ్మెకు దిగారు. వానాకాలం నడిమధ్యన మోరీలు పొంగాయి. వాళ్లు ఎవరో, ఏం చేస్తారో ఊరికి ఆ నెలలో బాగా తెలిసొచ్చింది.

అదే నెలలో ఇంకో సంగతి జరిగింది. నీరడి, మస్కూరి, సేత్‌సింధీల వారసులుగా గ్రామ రెవెన్యూ సహాయకుల పేరుతో మిగిలిన 20,555 మందిలో ఎక్కువమందికి రాష్ట్రం పే స్కేలు ఇచ్చి రకరకాల శాఖల్లో సర్దింది. కొందరు నీటిపారుదల శాఖకు లస్కర్లుగా పోయారు. తాత కట్ట మీద మేర కోసం తిరిగాడు; మనుమడు కాలువ మీద జీతానికి తిరిగే కొలువులో చేరాడు. పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయినా దాని కింద నలిగినవాళ్లకు న్యాయం అందడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

2024 ఫిబ్రవరిలో పంచాయతీ పాలకవర్గాల గడువు తీరింది. దాదాపు రెండేళ్లు ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ట్రాక్టరు డీజిలుకు కార్యదర్శులు జేబులోంచి పెట్టుకున్న ఊళ్లున్నాయి. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. కుర్చీతో పాటు కరెంటు బకాయిలు, ట్రాక్టరు రిపేర్లు, కార్మికుల జీతాలు వాళ్ల ముందుకొచ్చాయి.

గరిడేపల్లికి దగ్గర్లోనే హుజూర్‌నగర్‌లో రామస్వామి గుట్ట ఉంది. ఉత్తమ్‌కుమార్‌రెడ్డి ఉమ్మడి రాష్ట్రంలో గృహనిర్మాణ మంత్రిగా ఉన్నప్పుడు అక్కడ 2,000కు పైగా ఇళ్లతో మోడల్ కాలనీ మొదలైంది. 2014 తర్వాత పని ఆగిపోయి, గోడల మధ్య కంప చెట్లు పెరిగాయి. 2023 డిసెంబర్ తర్వాత పనులు మళ్లీ పట్టాలెక్కాయి. కిటికీలు బిగించడం, రంగులు వెయ్యడం, రోడ్లు, డ్రైనేజీ గురించి మంత్రులూ అధికారులూ వచ్చి చూసి పోతున్నారు. అంత పెద్ద కాలనీ ఈ చుట్టుపక్కల మండలాల్లో ఇంకోటి లేదు. లబ్ధిదారుల జాబితా గురించి ఊరూరా ముచ్చటే. గుట్ట వాలు మీద మోరీ నీళ్లు కిందికి వాటంతటవే పోతాయి, ఆ బెంగ తక్కువ. ట్యాంకు మోటరు తెల్లవారుజామున వెయ్యాల్సింది ఎవరు, ఆ మనిషి జీతం ఏ పద్దులో పడుతుంది అన్న రెండు గీతలు ఇళ్ల తాళాలు పంచేలోపే కాగితం మీద పడాలి.